ఏడవని ప్రవాస కవి

వియత్నాం సార్ పోయాడన్న సంగతి నాకు ఫ్లెక్సీ మ్యాటర్ వల్ల తెలిసింది. సూర్యాపేటలో సగం చావులు నాకు ఇట్లాగే తెలుస్తాయి. పొద్దున్నే షట్టర్ ఎత్తి, ఊదుబత్తి వెలిగించి, ఫోన్ చూసుకుంటే వాట్సాప్‌లో ఒక ఫొటో ఉంటుంది. కింద "అర్జెంట్ మేడం, రేపటికల్లా కావాలి" అని ఉంటుంది. మనిషి పోయినందుకు ఏడవాలా, రేపటికల్లా ఎట్లా అవుతుందని తల పట్టుకోవాలా అని తేల్చుకునేలోపే ఇంకో మెసేజ్ వచ్చింది. "అధ్యక్షుల వారి ఫొటో కాస్త పెద్దగా వేయగలరు."

ఆ మెసేజ్ పంపింది మా సాహితీ సంఘం అధ్యక్షులవారే. మ్యాటర్ ఇదీ: "మాతృభూమి కోసం పరితపించి, మాతృభూమి ఒడిలోనే కన్నుమూసిన ప్రవాస కవికి అశ్రునివాళి." చదివి కుర్చీలో కూలబడ్డాను. నిజం చెప్తున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఏడుపు తర్వాత వచ్చింది.

బస్టాండ్ వెనక సందులో నాది డీటీపీ షాపు. పెళ్ళి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, ఎన్నికల కరపత్రాలు, వాటి మధ్యలో కవిత్వం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో అచ్చయిన కవిత్వంలో ముప్పాతిక నా వేళ్ళ కింద నుంచే పోయింది. అంత కవిత్వం టైపు చేసి కూడా నేను కవిని కాలేదంటే నా ఆరోగ్యం ఎంత గట్టిదో చూసుకోండి. కవులంటే నాకు గౌరవం లేదని మా ఆయన అంటాడు. కవులు ప్రూఫులు దిద్దేటప్పుడు మా ఆయన ఒక్కరోజు నా పక్కన కూర్చుంటే ఆ మాట అనడు.

వియత్నాం సార్ వియత్నాంలో ఉండలేదు. ఉన్నది లావోస్‌లో. పుట్టింది కోదాడ. వ్యవసాయం చదివి, విత్తనాల కంపెనీలో వరి శాస్త్రవేత్తగా చేరి, బర్మా, కంబోడియా తిరిగి, చివరకు మెకాంగ్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఇరవై ఏళ్ళకు పైగా ఉండిపోయాడు. కానీ మన దగ్గర లావోస్ అనే దేశం లేదు. మా ఊళ్ళో ఎర్రజెండా పట్టి తల నెరిసిన పెద్దమనుషులకు వియత్నాం అంటే ప్రాణం. అందులో ఒకాయన మొదటిరోజే ఈయన్ని గట్టిగా కావలించుకున్నాడు.

"మా వియత్నాం ఎట్లుంది సార్? గెరిల్లాల ఊర్లు సూసినవా?"

"లావోస్ అండి నేనున్నది."

"అదే, అదే. అమెరికోడిని ఉరికిచ్చిన మట్టి!"

ఎన్నిసార్లు సరిదిద్దినా లాభం లేకపోయింది. ఆయన పేరు వియత్నాం సార్‌గా ఖాయమైంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రవాసి అంటే మన లెక్కలో అమెరికా. కాకపోతే లండన్, ఆస్ట్రేలియా. దుబాయి పోయినవాడు ప్రవాసి కాదు, దుబాయి పోయినవాడు, అంతే. మరి లావోస్ పోయినవాణ్ణి ఏ వరుసలో కూర్చోబెట్టాలి? కార్యవర్గం ఈ సమస్య మీద నిజంగానే సమావేశమైంది, మా షాపులోనే, నా చాయ్ తాగుతూ. విమానం ఎక్కాడు కాబట్టి మొదటి వరుస ఇవ్వచ్చు, అమెరికా కాదు కాబట్టి చివరి కుర్చీ ఇవ్వచ్చు అని తేల్చారు.

ఆయన మొదటిసారి నా షాపుకు వచ్చినప్పుడు చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చాడు. అక్కడ అదే అలవాటట, ఏ ఇంటికి పోయినా, ఏ దుకాణానికి పోయినా. బస్టాండ్ వెనక సందులో చెప్పులు బయట విడిస్తే ఏమవుతుందో అదే అయింది. ఉత్తకాళ్ళతో కోదాడ బస్సెక్కాడు. మళ్ళీ వచ్చినప్పుడు కొత్త చెప్పులు, మళ్ళీ బయటే విప్పాడు. "లోపలికి తెచ్చుకోండి సార్, జర నా మాటినండి" అని నేను మొత్తుకుంటే, "చెప్పులతోటి లోపలికెట్లొస్తరు చెల్లె?" అని నన్నే వింతగా చూశాడు. చివరికి నేనే పోయి ఆయన చెప్పులు తెచ్చి కీబోర్డు బల్ల కింద దాచేదాన్ని. మా ఆయన చెప్పులు ఏనాడూ ముట్టినదాన్ని కాదు.

జేబులో ఎప్పుడూ మడిచే భూతద్దం ఒకటి ఉండేది, పురుగుల్ని చూసేది. దానితో నా ఫ్లెక్సీలు చూసేవాడు. "మీ ఎమ్మెల్యే మొఖం దగ్గర్నుంచి చూస్తే అన్నీ చుక్కలే చెల్లె" అని సంబరపడేవాడు. హోటల్లో పాలు లేని కాఫీ అడిగేవాడు. హోటలాయన పాపం, "పాలు అయిపోలే సార్, ఉన్నయ్" అని ప్రతిసారీ ధైర్యం చెప్పేవాడు. పెళ్ళి పత్రికల నమూనాలు తిరగేసి, రెండు నెమళ్ళు పురి విప్పి ఎదురెదురుగా ఉన్న కార్డు దగ్గర ఆగాడు.

"ఈ పెండ్లి ఎవరిది?"

"చివ్వెంల వాళ్ళది సార్. బాగుంది కదా?"

"బాగుంది. పురి ఉండేది మగదానికే చెల్లె. ఈ కార్డు మీద ఇద్దరూ పెండ్లికొడుకులే."

చివ్వెంల పెళ్ళికొడుకు తండ్రి అప్పుడే లోపలికి వస్తున్నాడు. ఆ రోజు నా గిరాకీ ఎట్లా నిలబెట్టుకున్నానో ఆ పైవాడికి తెలుసు.

ఇగ ఉగాది కవి సమ్మేళనం ముచ్చట. ఎండ మండిపోతుంటే ఫంక్షన్ హాల్లో కవులందరికీ ఉన్ని శాలువాలు కప్పడం మా ఆచారం. చెమటలు కక్కుతూ ఒకాయన "ఓ కోయిలమ్మా, నీ పాటలో నా ప్రేయసి" అని రాగం తీస్తుంటే, ఈయన మొదటి వరుస చివరి కుర్చీలోంచి లేచాడు.

"అయ్యా, పాడేది మగ కోయిల. ఆడది పాడదు, కిక్ కిక్ అంటది. దానికి ఒంటి నిండ చుక్కలుంటయ్, నలుపు కూడ కాదు."

హాలు గొల్లుమంది. ఆ కవి ముఖం మాడిపోయింది. అధ్యక్షులవారు మైకు లాక్కొని, అది తరతరాల కవి సమయమనీ, కవులకు పక్షుల విషయంలో స్వేచ్ఛ ఉందనీ సర్దబోయారు. ఈయన వదలడే! "స్వేచ్ఛ మీకుంది సరే. కోయిలకు కూడ జర ఉండనియ్యండి" అన్నాడు. ఆ ఏడాది ఆయనకు శాలువా దక్కలేదు. ఎండాకాలం గనక అది సన్మానం కిందే లెక్క.

ఇన్ని కయ్యాలు పెట్టుకునేవాడు సభలు మానేస్తాడనుకుంటాం. మానలేదు. కోదాడలో బైపాస్ దగ్గర కిరాయి ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. సభ ఉందంటే చాలు, అది సూర్యాపేటైనా మిర్యాలగూడైనా బస్సెక్కి అందరికంటే ముందు వచ్చేసేవాడు. ఎంత చెత్త కవితకైనా చప్పట్లు కొట్టేవాడు, అందులో పక్షి గాని పురుగు గాని లేకపోతే.

"గా కవితకు గూడ చప్పట్లేంది సార్?" అని నేనొకసారి అడిగాను.

"తెలుగు కదా చెల్లె. వినబడితే చాలు. అక్కడ నాకు తెలుగు మాట్లాడనీకి ఒక్క మనిషే ఉండె. ఆ మనిషి పోయినంక బల్లులతోటి మాట్లాడిన."

ఆ మనిషి ఎవరని అప్పుడు అడగలేదు. చేతిలో అర్జెంటు కరపత్రం ఉంది.

ఆయన పుస్తకం పని నా దగ్గరికి వచ్చింది. కవితలన్నీ టైపు చేశాను. చక్కని తెలుగు, చిన్న చిన్న మాటలు. ప్రాస కోసం ఎక్కడా పాకులాట లేదు. కానీ చదువుతుంటే సైన్సు పాఠంలా అనిపించింది నాకు. బల్లి తోక ఎట్లా తెగుతుంది, చీమలు వానకు ముందు గుడ్లను ఎక్కడికి మోస్తాయి, నది తన ఒడ్డును తానే ఎట్లా తింటుంది, ఇట్లాంటివి. మంచిదే అనుకొని సూచిక తయారుచేసి పెట్టాను. అధ్యక్షులవారు వచ్చి కవితల పేర్లున్న ఆ ఒక్క పేజీ చూశారు. మిగతావి చూడరు. సూచిక చూసి పుస్తకం బరువు చెప్పగలరని ఆయనకు పేరు.

"సార్, గిదేంది? బల్లి ఉంది, చీమ ఉంది, దోమ ఉంది, మళ్ళ సుడిదోమ ఉంది. రెండు దోమలున్నయి గని ఒక్క అమ్మ లేదేంది సార్?"

"సుడిదోమ వేరేనండి. అది వరి రసం పీలుస్తది."

"అది గాదు సార్. మీరు ప్రవాస కవి. ప్రవాస కవి అన్నంక తల్లి నేల మీద బెంగ ఉండాలె. ఏడుపు ఉండాలె. మట్టి వాసన, అమ్మ చేతి ముద్ద... గదే గదా పాఠకుడు ఎదురుసూసేది? ఒక్కటి, ఒకే ఒక్కటి రాయండి. మొదటి పేజీల పెడదాం. అది లేకుంటే సభ పెట్టుడు కష్టం సార్, నేను సభ్యులకు ఏమని చెప్పాలె?"

సార్ ముఖం చూశాను. సభ లేదంటే ఆయనకు ఇంకేం లేదు. కోదాడ గదిలో నాలుగు గోడలు, నాలుగు బల్లులు. ఆ ఒక్క కవితా రాస్తే మొదటి వరుస, మైకు, మనుషులు. రాయకపోతే మళ్ళీ మౌనం. ఆ సంగతి అధ్యక్షులవారికి తెలియక అన్నారని నేననుకోను.

సార్ రాద్దామనే కూర్చున్నాడు. నా షాపులోనే, పాత ప్రింటర్ పక్క కుర్చీలో. రాస్తాడు, కొట్టేస్తాడు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి "మట్టి వాసన" అని రెండు మాటలు మిగిలాయి. అవి కూడా కొట్టేశాడు.

"ఏమైంది సార్?"

"మట్టి వాసన అంటే ఏంది చెల్లె? మట్టిల ఉండే సూక్ష్మజీవుల వాసన. వాన పడితే లేస్తది. కోదాడల ఒక వాసన, లావోస్‌ల ఒక వాసన లేదు. ఒక్కటే. నేను అక్కడ ఆ వాసన పీల్చి హాయిగ ఉన్న. ఇప్పుడు లేదని ఎట్ల రాస్త?"

"జర అబద్ధం రాస్తే ఏమైతది సార్? అందరు రాస్తలేరా?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ తమ్ముడి పొలం ఈనిందన్నవ్ కదా? రేపు పొద్దున పది గంటలకు పోదాం. నీకొకటి చూపియ్యాలె" అన్నాడు.

మా తమ్ముడి పొలం చివ్వెంల దాటినాక, కాలువ కింద. నా స్కూటీ వెనక ఆయన పాలేరులాగా గొడుగు పట్టుకొని కూర్చున్నాడు. గట్టు మీద చెప్పులు విప్పాడు, అక్కడ ఎవరూ ఎత్తుకపోలేదు. ఒక వరి వెన్ను వంచి భూతద్దం నా చేతికిచ్చాడు. పచ్చటి పొట్టు రెండుగా విచ్చుకొని ఉంది. ఆరు సన్నటి పోగులు బయటికి వేలాడుతున్నాయి, వాటి చివర పసుపు సుంకు, అదే పుప్పొడి.

"గిదా వరి పువ్వు? గింతేనా?"

"గింతే. గంటసేపు తెరుచుకుంటది, మూసుకుంటది. ఇగ మళ్ళ తెరవదు. మీ మిర్యాలగూడ మిల్లులన్నీ ఈ గంట మీద బతుకుతున్నయ్."

మూడు పూటలా బువ్వ తిని, వరి మీద బతికే జిల్లాలో ఉండి, యాభై దాటినాక వరి పువ్వు చూశాను నేను. సిగ్గేమీ వేయలేదు. సంతోషమేసింది, అంతే.

"మా ఇంటామె మిర్యాలగూడ పిల్ల" అన్నాడాయన, పొలం వైపు చూస్తూ. "మిల్లు పక్క ఇంట్ల పుట్టింది. బియ్యం తెలుసు గని వరి తెలియదు. అక్కడ దీన్ని చూపిచ్చిన. ఇగ పూత కాలం వస్తే రోజు నా వెంట పొలానికి వచ్చేది, ఈ గంట కోసమని. ఊర్ల ఆడోళ్ళందరితోటి దోస్తాన చేసింది. నాకంటే ముందు వాళ్ళ భాష నేర్చింది. మేమిద్దరం అక్కడ మస్తు సంబరంగ ఉన్నం చెల్లె. ఆ మాట చెప్తే ఇక్కడ ఎవరు నమ్మరు."

"ఇప్పుడు ఆమె..."

"వానకాలం. ఉత్త జరమే అనుకున్నం. వారం తిరగలే. దోమ."

నేను ఆ కవిత టైపు చేసిన మనిషిని. ఒక్కొక్క అక్షరం నా వేళ్ళతో కొట్టాను. అప్పుడు సైన్సు పాఠమనుకున్నాను:

పగలే వచ్చింది
కాళ్ళకు తెల్లని పట్టీలతో.
ఎవరి నెత్తురో ఆమెకు తెలియదు.
కడుపులో గుడ్లున్న తల్లి,
దొరికింది, తాగింది.
కోప్పడదామంటే
నాకు ఎవరూ మిగల్లేదు.

అమ్మ లేదన్నారు కదా అధ్యక్షులవారు? ఉంది. ఆ దోమే. పేజీ తిప్పితే కనబడేది.

"ఆమెను అక్కడ్నే మెకాంగ్‌ల కలిపిన" అన్నాడు. "నేను గూడ అక్కడ్నే ఉందామనుకున్న. కంపెనీ పని అయిపోయింది, వీసా అయిపోయింది, పొమ్మన్నరు. నాకు ఏడుపొస్తే ఆ దిక్కే వస్తది చెల్లె. కోదాడ కోసం ఏడ్చిన అని రాస్తే, ఆమె పక్కన కూసోని నేను రోజు ఏడ్చిన అన్నట్టే కదా?"

గట్టు మీద నిలబడి నేను ఏడ్చేశాను. ఆయన ఏడవలేదు. ఇంకో వెన్ను వంచి చూసుకుంటున్నాడు.

రాయనని ఆయన అధ్యక్షులవారికి చెప్పేశాడు. అప్పటికే హాలు ఖాయమైంది, ముఖ్య అతిథిగా మిర్యాలగూడ మిల్లు యజమాని ఒప్పుకున్నాడు, ఫ్లెక్సీలో అధ్యక్షులవారి ఫొటో కూడా దిగింది. ఇక సభ ఆపడం ఎవరి తరం? "రాయకుంటె రాయకపోండ్రి సార్, ముందుమాటల నేను సూసుకుంట" అని ఆయన అభయమిచ్చారు.

ముందుమాట రాసే పెద్దలు పుస్తకం చదవకపోవడం మా దగ్గర ఆచారం. చదివితే మొహమాటం లేకుండా పొగడటం కష్టమవుతుంది కాబోలు. ఆ ముందుమాట చివరి నిమిషంలో వాట్సాప్‌లో రావాలి, వచ్చినదాంట్లో ఒక్క అక్షరం ముట్టకూడదు. అట్లాగే వచ్చింది. "పరాయి గడ్డపై ఈ కవి పడిన యాతన వర్ణనాతీతం. తల్లి నేలను తలచి కార్చిన కన్నీటితో ఈ సంపుటిలో ప్రతి పుటా తడిసి ఉన్నది." నేను ఒళ్ళు మండి సార్‌ని పిలిపించాను.

ఆయన చదివాడు. ఇంకోసారి చదివాడు. నవ్వాడు.

"చూడకుండ రాసినా కరెక్టే రాసిండు చెల్లె. తడిసే ఉన్నది. ఊరొక్కటే తప్పు."

"తీసేద్దాం సార్. నా షాపు, నా ఇష్టం."

"వద్దు. తీస్తే సభ ఉండదు. నాకు సభ కావాలె. సభల నేను లేచి చెప్త. ఆమె సంగతి, మేము సంబరంగ ఉన్న సంగతి. ఒక్కసారి తెలుగుల, మనోళ్ళ ముందట, నోరు తెరిచి చెప్పాలె. ఇగ నాకేం అక్కర్లేదు."

సభ బ్రహ్మాండంగా జరిగింది. మా దగ్గర పుస్తకం రాసినవాడు అందరికంటే చివర మాట్లాడాలి, ఉప్మా పొట్లాలు విప్పే వేళకు. ముఖ్య అతిథి మాట్లాడుతూ మన సన్న బియ్యం ముందు వియత్నాం బియ్యం ఎందుకూ పనికిరాదని రుజువు చేశాడు. ఎర్రజెండా పెద్దాయన యుద్ధం గురించి చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. అధ్యక్షులవారు ఈయన పరాయి గడ్డ మీద తినీ తినక, గంజి నీళ్ళు తాగి, తల్లి నేల వైపు తిరిగి పడుకునేవాడని చెప్పారు. ఎవరు చెప్పారో ఆయనకు! సార్ మెడలో దండతో, భుజాల మీద శాలువాతో కదలకుండా కూర్చున్నాడు. చివరికి మైకు వచ్చింది. "రెండే రెండు నిమిషాలు సార్, హాలు వాళ్ళు తొందరపెడుతున్నరు" అని చీటీ కూడా వచ్చింది.

ఆయన లేచాడు.

"నేను అక్కడ సుఖంగ ఉన్న. నా భార్య నేను ఇద్దరం చాలా సంతోషంగ ఉన్నం. ఆమె అక్కడ్నే పోయింది. దోమ కవిత ఆమె మీదనే. నేను అక్కడ ప్రవాసిని కాదు. కోదాడకు వచ్చినంకనే ప్రవాసినైన. నాకు ఆ ఊరి మీదనే బెంగ."

ఉప్మా పొట్లాల చప్పుడు ఆగింది. అమ్మయ్య, అన్నాడు మహానుభావుడు, అనుకున్నాను. ఒక్క క్షణమే. అధ్యక్షులవారు లేచి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, మైకు మెల్లగా లాక్కున్నారు.

"చూశారా మిత్రులారా! దుఃఖాతిరేకంతో మాట తడబడింది. మనసులో అంత బాధ పెట్టుకున్న మనిషి ఇట్లాగే మాట్లాడుతాడు. తల్లి నేల మీద ఆయన ప్రేమకు ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?"

హాలంతా చప్పట్లు. ఎర్రజెండా పెద్దాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. ఆ మైకు పీకి అధ్యక్షులవారి నడినెత్తిన ఒకటి వేయాలనిపించింది నాకు, దేవుడి మీద ఒట్టు. కోపగించుకుని బయటికి గెంటేసినా బాగుండేది. వాళ్ళకు కోపం కూడా రాలేదు. వాళ్ళసలు వినలేదు.

బస్టాండ్ దాకా నేనే దించాను. దండ ఇంకా మెడలోనే ఉంది.

"నువ్వు విన్నవా చెల్లె?"

"విన్న సార్."

"నువ్వు కాక?"

కోదాడ బస్సు వచ్చింది. ఎక్కాడు.

ఆ తర్వాత సభలకు రావడం తగ్గించాడు. ఒకసారి వచ్చి పుస్తకాలు కొన్ని తీసుకుపోయాడు, పోస్టులో లావోస్‌కు పంపాలని. "అక్కడెవరు సదువుతరు సార్ తెలుగు?" అంటే "చదవరు. ముట్టుకుంటరు" అన్నాడు. మరోసారి వచ్చినప్పుడు పాలు లేని కాఫీ తాగి, ఊరికే కూర్చొని, వెళ్ళిపోయాడు. ఇక వచ్చింది ఫ్లెక్సీ మ్యాటరే. గుండె ఆగిందట, పక్కింటివాళ్ళు చూశారట. పినతండ్రి కొడుకెవరో వచ్చి కార్యం జరిపించి, మఠంపల్లి వైపు పోయి అస్థికలు కృష్ణలో కలిపి వచ్చాడట.

అధ్యక్షులవారికి ఫోన్ చేశాను.

"సార్, మాతృభూమి ఒడి అని రాసిండ్రు. ఆయన అట్ల అనుకోలే."

"పోయినోళ్ళ గురించి మంచిగనే రాయాలె గదమ్మా."

"పోనీ లావోస్ అని అయినా పెడదామా?"

"అది వియత్నాం పక్కకే గదా? ఫ్లెక్సీల జాగ లేదమ్మా, నా ఫొటో వస్తది."

ఆ మ్యాటర్ తీసి అవతల పారేశాను. "వరి పువ్వు గురించి, దోమ గురించి, మెకాంగ్ నది గురించి రాసిన కవి" అని వేసి పంపాను. గొడవవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ఫ్లెక్సీలో ఎవరి ఫొటో వారు చూసుకున్నారు, చదివినవాళ్ళు లేరు.

సంతాప సభ గ్రంథాలయం హాల్లో, మధ్యాహ్నం పూట. నేను వెనక వరుసలో కూర్చున్నాను. అధ్యక్షులవారు గంజి నీళ్ళ కథ మళ్ళీ ఎత్తుకున్నారు. ఈసారి గంజి కూడా తీసేసి ఉత్త నీళ్ళు చేశారు. అంతలో నా సంచిలో ఫోన్ మోగింది. ఏదో పొడుగాటి నంబరు. లాటరీ తగిలిందనేవాళ్ళు ఇట్లాంటి నంబర్ల నుంచే చేస్తారని కట్ చేశాను. మళ్ళీ మోగింది. అందరూ వెనక్కి తిరిగి చూస్తుంటే వరండాలోకి పోయి ఎత్తాను.

"అన్న ఉన్నడా?" అంది ఒక ఆడగొంతు.

అచ్చం మిర్యాలగూడ మాట. కానీ పలకడం మనవాళ్ళది కాదు, ఒక్కొక్క మాట ఆగి ఆగి వస్తోంది.

"ఎవరమ్మా?"

"నేను... అక్క పక్కిల్లు. అన్న ఫోన్ పోతలే. పుస్తకం ఉంది, నీ నంబర్ ఉంది. అన్న మంచిగున్నడా? బువ్వ తిన్నడా?"

గోడకు ఆనుకున్నాను. మిర్యాలగూడ పిల్ల ఆ ఊరి భాష నేర్చుకుందని విన్నాను గాని, తన భాష అక్కడ ఒకామె నోట్లో పెట్టి పోయిందని నాకు తెలియదు. పుస్తకం చివరి పేజీలో నా షాపు నంబరు ఉంటుంది. అన్న ఫోన్ కలవక, అర్థం కాని ఆ పుస్తకంలో అంకెలు వెతికి చేసిందామె.

"అన్న సచ్చిపోయిండమ్మా."

"ఆఁ?"

"చనిపోయిండు. కాలం చేసిండు."

"ఆఁ? అన్న బువ్వ తిన్నడా?"

ఏ మాట చెప్పినా ఆమెకు అందలేదు. రా, పో, కూసో, తిను, బువ్వ, కూర, అక్క, అన్న, ఇల్లు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఆ అక్క నేర్పినవి అవే. చావు నేర్పలేదు. లోపల మైకులో అధ్యక్షులవారు "మాతృభూమి ఒడిలో" అంటున్నారు. ఆమె "అన్న, అన్న" అని అడుగుతూనే ఉంది. నాకున్న తెలుగంతా వెతుక్కున్నాను.

"అన్న... అక్క కాడికి పోయిండమ్మా."

ఫోన్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత ఆమె ఊపిరి వినబడింది, తర్వాత ఏడుపు. తన భాషలో ఏదో అంది, పక్కనున్న ఎవరికో చెప్పింది. అక్కడ ఇంకా ఇద్దరు ముగ్గురు ఏడుస్తున్నారు. చాలాసేపటికి మళ్ళీ నాతో తెలుగులో మాట్లాడింది.

"అన్న ఇంటికొచ్చిండు" అంది.

"అవునమ్మా" అన్నాను. "ఇంటికే వచ్చిండు."